కాళ్ళపీట: గోదావరి లంక ఊరి నుంచి ఓ ప్రాజెక్టు డైరీ

శ్రమల దినాల్లో

మా చర్చి సంఘం ఈ ఏడు పెట్టుకున్న పని చెప్పడానికి చాలా చిన్నది. ఊళ్ళో బోదకాలు ఉన్నవాళ్ళు రోజూ తమ కాలు తామే కడుక్కుని, ఆరబెట్టుకుని, మందు రాసుకునేలా వీలు కల్పించడం. దుప్పట్ల పంపకం లేదు, మెడికల్ క్యాంపు లేదు, ఫ్లెక్సీ అసలే లేదు.

ఇంత చిన్న పని కమిటీలో తేలడానికి మాత్రం చాలా మాటలు నడిచాయి. ఏటా క్రిస్మస్‌కి బియ్యం, చీరలు పంచడం మాకు అలవాటు. స్టేజీ మీంచి పేరు పిలుస్తారు, మనిషి వచ్చి తీసుకుంటుంది, ఫొటో తీస్తారు. అది తప్పని నేననను. ఆ చీర కట్టుకుని పండగ చేసుకున్న ఇళ్ళు నాకు తెలుసు. కానీ బోదకాలున్న ఆడవాళ్ళు ఆ స్టేజీ ఎక్కరు. చీర ఇంటికి పంపించమంటారు. ఆదివారం గుడికొచ్చినా వెనక గుమ్మం దగ్గర కూర్చుని, కాళ్ళ మీద చెంగు కప్పుకుని, ఆఖరి పాట ఎత్తుకోగానే లేచి వెళ్ళిపోతారు. పక్కవాళ్ళకి వాసనొస్తుందేమోనని భయం.

మా పాస్టరు అయ్యగారు సిలువ శ్రమల వారంలో పాదాలు కడిగే ఆరాధన పెడదామన్నారు. యోహాను సువార్త 13వ అధ్యాయంలోది. యేసు భోజనం దగ్గర్నించి లేచి, పైబట్ట తీసి పక్కన పెట్టి, నడుముకి తువాలు చుట్టుకుని, పళ్ళెంలో నీళ్ళు పోసి శిష్యుల కాళ్ళు కడిగి తుడిచిన సంగతి. అందరికీ నచ్చింది. స్త్రీల సమాజంలో ఆశా వర్కరుగా చేసే ఆవిడ ఒక్కర్తే అడ్డం తిరిగింది.

“ఏడాదికోసారి కడిగితే ఆ కాలికి ఏం ఒరుగుద్దండీ? రోజూ కడగాలి, రెండు పూట్లా కడిగితే ఇంకా మంచిది. కడగడం కాదండి, తుడవడం అసలు పని. వేళ్ళ సందుల్లో తడి ఉంటే జొరం వచ్చేత్తాది.”

అయ్యగారు నవ్వి, “అక్కడా తువాలు ఉందమ్మా, నేనే పళ్ళెం దాకా వచ్చి ఆగిపోయాను,” అన్నారు. ఆరాధన సంగతి పక్కకి పోయింది, పని మొదలైంది.

నాది వెల్డింగ్ షాపు. గేట్లు, కిటికీ గ్రిల్లులు, రొయ్యల చెరువుల ఏరేటర్లకి స్టాండులు. అందుకని సామాను తయారు చేసే వంతు నాకు పడింది. ఎవరో ఒకరు రాసిపెట్టాలి కదా అని ఈ డైరీ కూడా.

పేర్ల సంగతి

ఊరి నర్సు ఏఎన్ఎం గారి దగ్గర ఊళ్ళో బోదకాలున్నవాళ్ళ లైన్ లిస్టు, అంటే పేర్ల జాబితా ఉంటుంది. అది ఇమ్మని అడిగితే ఇవ్వనన్నారు. మాకు మొదట కొంచెం చిన్నతనం అనిపించింది గానీ ఆవిడ అన్నదే న్యాయం. “ఒక్కొక్కరినీ నేనే అడుగుతాను. సరేనన్నవాళ్ళ ఇంటికే మీరు వెళ్ళండి. మీ నోటీసు బోర్డులో మాత్రం పేర్లు పెట్టొద్దు,” అన్నారు. కొందరు సరేనన్నారు, కొందరు తలుపు కూడా తియ్యలేదట. కాలు చూసి సంబంధాలు తప్పిపోయిన ఊరు ఇది. తల్లికి బోదకాలుంటే కూతురికీ వస్తుందని ఇప్పటికీ అనుకుంటారు.

ఓ సాయంత్రం ఆవిడే గుళ్ళో కూర్చోబెట్టి మాకు పాఠం చెప్పారు. ఇది ఉచెరేరియా బాంక్రాఫ్టి అనే సన్నటి పురుగు వల్ల వచ్చేది. మురుగునీళ్ళలో పెరిగే క్యూలెక్స్ దోమ కుట్టి ఒంట్లోకి ఎక్కిస్తుంది. పెద్ద పురుగులు లింఫు నాళాల్లో, అంటే ఒంట్లో నీటిని పైకి చేర్చే సన్నటి గొట్టాల్లో, ఏళ్ళ తరబడి బతుకుతాయి. నాళాలు దెబ్బతిన్నాక కాల్లో నీరు కిందకే దిగి నిలిచిపోతుంది. మాత్రలు పురుగుల్ని, వాటి పిల్లల్ని అదుపు చేస్తాయి గానీ ముదిరిపోయిన వాపుని తియ్యలేవు. మేమెవరం వినని సంగతి ఆ తర్వాత చెప్పారు. కాలు ఏటికేడు లావెక్కడానికి ఎక్కువ కారణం, మాటిమాటికీ వచ్చే చలిజ్వరాలట. వేళ్ళ సందుల్లో పుండు, మడమ పగులు, గీరుకున్న చోటు, ఏదో ఒక దారిన సూక్ష్మక్రిములు లోపలికి దూరతాయి. గజ్జల్లో బిళ్ళ కడుతుంది, కాలు ఎర్రబడి సలసలా కాగిపోతుంది. జ్వరం తగ్గాక కాలు మునుపటి కొలతకి రాదు. కాబట్టి ఆ దారులు మూసేస్తే చాలు, జ్వరాలు తగ్గుతాయి. దానికి కావలసింది సబ్బు, మంచినీళ్ళు, పొడిగుడ్డ, చర్మానికి పట్టే ఫంగస్‌కి రాసే విట్‌ఫీల్డ్ ఆయింట్‌మెంట్.

దేశంలో ఫైలేరియా (బోదకాలు తెచ్చే ఈ జబ్బే) నియంత్రణ కార్యక్రమం మొదలైంది 1955లో. శిక్షణకీ పరిశోధనకీ పెట్టిన ప్రాంతీయ కేంద్రాలు మూడైతే కాలికట్, వారణాసితో పాటు మూడోది మన రాజమండ్రిలోనే పెట్టారు. జబ్బు ఎక్కడుందో అక్కడే కదా పెడతారు. ఇంత పాత జబ్బుకి మా గుళ్ళో ప్రార్థనలు జరిగాయి గానీ ఒక్క సబ్బుబిళ్ళ సంగతి ఎప్పుడూ రాలేదు.

పీట

సర్కారు వాళ్ళు ఇచ్చే కిట్టులో టబ్బు, మగ్గు, తువాలు, సబ్బు, క్రీము ఉంటాయి. మంచి కిట్టే. చాలా ఇళ్ళలో ఆ టబ్బులో ఇడ్లీపిండి, బియ్యం కనపడ్డాయి. ఎందుకని అడిగితే అసలు ఇబ్బంది తెలిసింది. బరువెక్కిన కాలు ఎత్తి టబ్బులో పెట్టాలి, వంగాలి, వేళ్ళ మధ్య చెయ్యి పెట్టాలి. అరవై దాటినవాళ్ళకి అది అయ్యే పని కాదు. పీట మీద కూర్చుంటే లేవలేరు. నూతి గట్టు మీద కూర్చుంటే జారతారు.

కూర్చోడానికి ప్లాస్టిక్ కుర్చీ ప్రతి ఇంట్లో ఉంది, దాని జోలికి పోనక్కర్లేదు. కాలు ఆన్చుకునే పీట కావాలి. ముందు ముప్పావు అంగుళం స్క్వేర్ పైపుతో చేశాను. షాపులో చూడ్డానికి బాగానే ఉంది. పెరట్లో పెడితే బరువు, పైగా ఈ ఉప్పుగాలికి రెడాక్సైడు కొట్టినా అతుకుల దగ్గర తుప్పు పట్టేసింది. అన్నిటికంటే పెద్ద చిక్కు, ఎంత గ్రైండింగ్ చేసినా ఎక్కడో ఓ వెల్డింగ్ చుక్క గరుగ్గా మిగులుతుంది. మామూలు కాలికైతే పట్టించుకోం. ఈ కాలికి గీత పడితే చాలు.

అందుకని ఇనుము వదిలేసి అంగుళంపావు పివిసి పైపు తెచ్చాను. ఎల్బోలు, టీలు, సొల్యూషన్. “వెల్డరు పివిసి అతుకుతున్నాడ్రోయ్” అని షాపు ముందునుంచి పోయే ప్రతివాడూ ఓ మాట విసిరాడు. పీట కోళ్ళలో గోదావరి ఇసక పోసి అడుగున క్యాపు కొడితే అది కదలకుండా నిలబడుతుంది, ఎత్తి పక్కన పెట్టడానికీ భారం కాదు. పైన పలకలు వెయ్యలేదు. మంచాలు అల్లే మావయ్య ఒకాయన ఉన్నాడు, ఆయన చేత నైలాను నవారు వదులుగా అల్లించాను. కాలు మెత్తగా ఆనుతుంది, నీళ్ళు కిందున్న టబ్బులోకి దిగిపోతాయి, నవారు ఇట్టే ఆరిపోతుంది. ఎత్తు తొమ్మిది అంగుళాలు. అంతకంటే ఎత్తైతే కూర్చున్న మనిషి చెయ్యి వేళ్ళ దాకా అందదు, తగ్గితే నడుం పట్టేస్తుంది.

పెరట్లో ఓ పూట

మొదటి పీట తీసుకెళ్ళింది మా వెనక వీధి పెద్దమ్మ ఇంటికి. ఎడంకాలు. మోకాలి కింద నుంచి మూడు మడతలు పడి, చర్మం కొబ్బరిమాను బెరడులా గట్టిపడిపోయింది. అయ్యగారూ వచ్చారు, మా ఆవిడా, ఆశా ఆవిడా. అయ్యగారు లుంగీ పైకి దోపుకుని పీట ముందు కూర్చోబోతే పెద్దమ్మ కాలు చటుక్కున వెనక్కి లాక్కుంది.

“అయ్యగారండీ, తమరు ముట్టుకోవడమేటండీ. నా వల్ల కాదు. పాపం చుట్టుకుంటది.”

పేతురు అన్నమాట కూడా సరిగ్గా అదే. నా పాదాలు నువ్వెన్నడూ కడగకూడదన్నాడు. అయ్యగారు బతిమాలలేదు. తువాలు ఆవిడ చేతికే ఇచ్చి, “మరి నువ్వే కడుక్కో అమ్మా, నేను నీళ్ళు పోస్తాను,” అన్నారు. నాకు ఆ పూట నచ్చింది అదే. ఎవరో వచ్చి కడిగిపెట్టేస్తే ఆ ఒక్క పూటే శుభ్రం. రేపు పొద్దున్న ఆవిడ చెయ్యే కదా కడగాలి.

ఆశా ఆవిడ చెబుతుంటే పెద్దమ్మ చేసింది. ముందు కాలంతా చూసుకోవడం, ఎక్కడ పగిలిందో, ఎక్కడ తెల్లగా నానిందో. వేణ్ణీళ్ళు వద్దు, చన్నీళ్ళే. వాపు మొదలైన చోటు నుంచి సబ్బు రాస్తూ కిందకి రావాలి. బ్రష్షు వద్దు, పీచు వద్దు, ఉత్త అరచెయ్యి. మడతల్లోకి వేలు దూరకపోతే పాత నూలు చీర సన్నటి పేలికలుగా చింపి, రెండు చేతులతో రెండు కొసలూ పట్టుకుని మడతలో ఇటూ అటూ లాగాలి. మొదటి పేలిక నల్లగా వచ్చింది. రెండోది కూడా అంతే. పెద్దమ్మ సిగ్గుపడి దాన్ని గుప్పిట్లో దాచుకుంది. మా ఆవిడ ఏం మాట్లాడకుండా ఇంకో పేలిక అందించింది. నీళ్ళు తేటగా వచ్చేదాకా పోసి, పొడిగుడ్డతో అద్దాలి. రుద్దకూడదు, అద్దాలంతే. ఒక్కో వేలి సందుకి ఒక్కో పొడి పేలిక. అది అయ్యాక సందుల్లో ఆయింట్‌మెంట్.

కాలు ఎత్తి పీట మీద పెట్టుకోవడానికి ఆవిడ ఇబ్బంది పడుతుంటే నేను పట్టబోయాను. “ఉండు నాన్నా” అని లోపలికెళ్ళి చీర అంచు ముక్క తెచ్చి, రెండు కొసలూ ముడేసి, మడమ కింద వేసి చేత్తో పైకి లాగింది. కాలు అలవోకగా పీట మీదకొచ్చింది. ఆ తర్వాత చేసిన ప్రతి పీటతోనూ అలాంటి నవారు ఉచ్చు ఒకటి ఇస్తున్నాం. ఆ డిజైను నాది కాదు, పెద్దమ్మదే.

రాత్రిపూట మంచానికి కాళ్ళవైపు కోళ్ళ కింద ఇటుకలు పెట్టించాం. గుండె జబ్బున్నవాళ్ళకి డాక్టరుని అడక్కుండా అలా చెయ్యకూడదని ఏఎన్ఎం గారు గట్టిగా చెప్పారు. పగలు కూర్చున్నప్పుడు పాదం పైకీ కిందకీ ఆడించడం, గోడ పట్టుకుని మునివేళ్ళ మీద లేవడం. జ్వరం వచ్చిన రోజుల్లో మాత్రం ఈ వ్యాయామాలు వద్దు. తడిగుడ్డ వేసుకుని, కాలు ఎత్తు మీద పెట్టుకుని పడుకోవాలి, ఆలస్యం చెయ్యకుండా డాక్టరుకి చూపించాలి.

కాలువలు కట్టేశాక

వేసవిలో మరమ్మతులకి కాలువలు కట్టేస్తారు కదా. సముద్రం వైపు లంకల్లో బోరు నీళ్ళు ఉప్పు. సబ్బు ఎంత రుద్దినా నురగ రాదు, జిడ్డు పోదు. తాగడానికి టిన్ను కొనుక్కునే ఇంట్లో కాలు కడగడానికి మంచినీళ్ళంటే ఎవరికైనా మనసొప్పదు. కోడళ్ళు సణుగుతారు, వాళ్ళనీ తప్పుపట్టలేం.

సండేస్కూలు పెద్దపిల్లలు దీన్ని పట్టుకున్నారు. పంచాయతీ కుళాయి వచ్చే టైముకి సైకిళ్ళకి బిందెలు కట్టుకెళ్ళి ఒక్కో ఇంటికి ఒక బిందె దింపుతున్నారు. మొదట్లో పోటీలు పడ్డారు, తర్వాత కొందరు జారుకున్నారు, ముగ్గురు నలుగురు నిలిచారు. నిలిచినవాళ్ళలో ఒకడు గుళ్ళో ఎప్పుడూ అల్లరి చేసే కుర్రాడు. వాడు ప్రార్థనలో కళ్ళు మూసుకోడని వాళ్ళమ్మ బాధ. నేనైతే బిందె చూశాను, చాలనుకున్నాను.

పెద్దమ్మ కాలు వాసన ఈపాటికి పోయింది. లావు పెద్దగా తగ్గలేదు, తగ్గుతుందని మేమూ చెప్పలేదు. ఆదివారం ఇప్పుడు మధ్య వరసలో కూర్చుంటోంది.

చెప్పులు

ఉత్త కాళ్ళతో తిరిగితే కడిగిందంతా వృథా. కానీ బజార్లో దొరికే ఏ చెప్పూ ఈ పాదానికి పట్టదు. నైలాను పట్టీల హవాయి చెప్పులు ఒరుసుకుని పుండు చేస్తాయి.

కుష్ఠు ఆసుపత్రుల్లో స్పర్శ పోయిన కాళ్ళకి మైక్రోసెల్యులర్ రబ్బరు చెప్పులు ఇస్తారని నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఎంసీఆర్ అంటారు. వేలూరులో డాక్టర్ పాల్ బ్రాండ్, ఆయనతో పనిచేసినవాళ్ళు వాడుకలోకి తెచ్చిన రకం. మన డెల్టాకి కుష్ఠు సేవ పాతదే. కెనడా బాప్టిస్టు మిషను నుంచి వచ్చిన ఇసబెల్ హ్యాచ్ రామచంద్రపురంలో కుష్ఠు రోగులకి ఆశ్రయం కట్టించింది. నరసాపురంలోనూ మిషను వాళ్ళ కుష్ఠు ఆసుపత్రి ఉంది. ఊరు తరిమేసినవాళ్ళని చేరదీసి, కట్లు కట్టి, చెప్పులు కుట్టించి ఇచ్చారు. ఆ రోజుల్లో ఎన్ని ప్రసంగాలు చెప్పారో ఎవరికీ గుర్తులేదు. చెప్పుల సంగతి మాత్రం మా నాయనమ్మ చెప్పేది.

ఎంసీఆర్ షీటు తెప్పించి, పక్క ఊళ్ళో చెప్పులు కుట్టే బాబాయి దగ్గరికెళ్ళాం. కొలతలు అట్టపెట్టె ముక్కల మీద తీశాం. కాలు కింద ఆన్చి నిలబడినప్పుడు గీత గియ్యాలి, కూర్చుని గీస్తే పాదం ఇరుకు వస్తుంది. అదీ సాయంత్రం పూట, వాపు ఎక్కువగా ఉన్నప్పుడు. పట్టీలు వెడల్పుగా, లోపలివైపు మెత్తటి గుడ్డ, పైన వెల్క్రో. అట్టముక్కలు చూసి బాబాయి ముందు నమ్మలేదు. “ఇది పాదమా, మ్యాపా?” అన్నాడు. ఆ తర్వాత తనే ఇళ్ళకొచ్చి కొలతలు సరిచూసుకున్నాడు. కూలీ మాత్రం పూర్తిగా తీసుకున్నాడు. తీసుకోవాలి కూడా. ఉచితంగా చేయించుకునే పని రెండో జతకి ఆలస్యమవుతుంది.

రంగు దగ్గర చిన్న గొడవ. మేం నలుపు అన్నాం, మట్టి కనపడదని. ఒక వదినగారు ఒప్పుకోలేదు. “ఇన్నాళ్ళకి చెప్పులు ఏసుకుంటున్నాను, మెరూన్ పెట్టించండి” అంది. మెరూన్ పెట్టించాం.

ఎర్రనీరు

జూలైలో గోదావరికి ఎర్రనీరు తగిలింది. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి హెచ్చరిక, 13కి రెండోది, 17కి మూడోది. రెండో హెచ్చరిక దాకా వెళ్ళేసరికే మా లంక చేలల్లో నీళ్ళు నిలబడతాయి. 2022 జూలైలో పాతిక లక్షలు దాటినప్పుడు ఇళ్ళ కప్పుల దాకా వచ్చింది. ఈసారి అంత రాలేదు, వీధుల్లో మోకాలి లోతు.

బోదకాలున్న మనిషికి వరదంటే ముందు నీళ్ళలో నడవాలనే భయం. పేడకళ్ళు, దొడ్ల మురుగు, చచ్చిన కోళ్ళు, ముళ్ళు, గాజుపెంకులు అన్నీ ఆ నీళ్ళలోనే. గమ్‌బూట్లు పట్టవు. పాలిథిన్ సంచి కట్టుకుంటే లోపల చెమటకి ఇంకా నానిపోతుంది. మేం చేసింది తేలికైన ఏర్పాటు. నీళ్ళు ఎక్కకముందే నాటు పడవలో వీళ్ళని ముందుగా బడికి చేర్చాం. ఒక్కొక్కరికీ మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో సబ్బు, ఆరబెట్టిన పేలికలు, ఆయింట్‌మెంటు, డాక్టరు రాసిచ్చిన మాత్రలు. డబ్బా దూలానికి వేలాడదీసి ఉంచమని ముందే చెప్పాం. పడవెక్కేటప్పుడు చీరల మూట మర్చిపోయినవాళ్ళున్నారు గానీ డబ్బా మర్చిపోయినవాళ్ళు లేరు.

బళ్ళో వరండా చివర రెండు పీటలు వేశాం. మొదట్లో వీళ్ళు అందరూ పడుకున్నాక కడుక్కునేవాళ్ళు. తర్వాత ఊడ్పులకెళ్ళి వేళ్ళ సందులు చెడిపోయిన కూలీలు వచ్చి, “మాకూ కొంచెం ఆ మందు రాయండాయ్” అని కూర్చున్నారు. బోదకాలు లేనివాళ్ళు కూడా అదే పీట మీద వరసకట్టేసరికి ఆ మూల మీద సిగ్గు పోయింది. పెద్దమ్మ అయితే ఇంకొకరికి పేలిక ఎలా లాగాలో చూపిస్తూ, “రుద్దకే, అద్దాలి” అని కసురుతోంది.

అయినా ఇద్దరికి జ్వరం తగిలింది. ఒకావిడకి రాత్రి వణుకు మొదలై తెల్లారేసరికి కాలు ఎర్రగా పొంగింది. పడవ మీద గట్టు దాటించి, అక్కణ్ణించి ఆటోలో ఆసుపత్రికి. అక్కడ ఒకరు ముక్కు మూసుకుని “బోదకాలుకి మందు లేదు, తీసుకెళ్ళండి” అన్నారు. ఆశా ఆవిడ గుమ్మంలోనే నిలబడి, కాలికి కాదు, జ్వరానికి మందు ఇవ్వమని చెప్పి, డ్యూటీ డాక్టరు వచ్చి యాంటీబయాటిక్ మొదలుపెట్టేదాకా కదల్లేదు. ప్రేమ దీర్ఘశాంతం గలదని పౌలు రాశాడు గానీ ఆ పూట ఆవిడలో నాకు శాంతం ఏమీ కనపడలేదు. ఆ కోపమే పని చేసింది.

కరపత్రాలూ, పద్దులూ

వరద తీశాక కమిటీ కూర్చుంది. పీట ఒకదానికి పైపులు, నవారు, అల్లిక కూలీ కలిపి ఏడెనిమిది వందలవుతోంది. చెప్పుల జత అంతకంటే ఎక్కువ. సబ్బు, ఆయింట్‌మెంటు నెలనెలా. కొనడానికి డబ్బు దొరుకుతుంది, నెలనెలా అంటేనే చేతులు వెనక్కి పోతాయి. పీటకి పేరు రాయించుకుంటామని ముందుకొచ్చిన దాతలున్నారు. సబ్బుబిళ్ళ మీద పేరు రాయలేం కదా.

లూకా సువార్తలో మంచి సమరయుడి సంగతి సండేస్కూల్లో నాటకం వేయించినప్పుడల్లా దొంగలు కొట్టి పడేసినవాణ్ణి గాడిద మీద ఎక్కించి పూటకూళ్ళ ఇంటికి తీసుకెళ్ళడంతో చప్పట్లు కొట్టేస్తాం. అతను మర్నాడు పూటకూళ్ళవాడికి రెండు దేనారాలిచ్చి, ఇంకేమైనా ఖర్చయితే తిరిగి వచ్చేటప్పుడు ఇస్తానన్నాడు. తిరిగి వస్తానన్న ఆ మాటకే మా సంఘం పుస్తకంలో ఎప్పుడూ పద్దు లేదు. ఇప్పుడు రాశాం. కానుకల్లో కొంత భాగం సబ్బు పద్దు కింద పక్కన పెట్టాలని తీర్మానం. క్రిస్మస్ స్టేజీ లైటింగ్ తగ్గించి కూడా పెట్టాలని రాయించాను. కుర్రకారుకి కోపం వచ్చింది, రానీ.

ఇంకో మాట కూడా వచ్చింది. డబ్బాలో కరపత్రం పెడదామని ఇద్దరు పెద్దలు. మేం వెళ్ళే ఇళ్ళలో సగానికి పైగా హిందువులు. మెరూన్ చెప్పుల వదినగారి గుమ్మానికి పసుపు, లోపల వేంకటేశ్వరస్వామి పటం. నేను వద్దన్నాను. యేసు బాగుచేసిన పదిమంది కుష్ఠు రోగుల్లో తిరిగొచ్చి కృతజ్ఞత చెప్పింది ఒక్కడే. మిగతా తొమ్మిదిమంది ఏరని అడిగాడు గానీ, వాళ్ళకిచ్చిన స్వస్థత వెనక్కి తీసుకోలేదు. ప్రార్థన చెయ్యమని అడిగిన ఇంట్లో చేస్తాం, అడగని ఇంట్లో కాలు చూసి వస్తాం. ఎందుకు చేస్తున్నారని అడిగితే దాచకుండా చెబుతాం. వదినగారు ఒకసారి అడిగింది. మా ఆవిడ చెప్పింది. “మంచిదే” అని, రెండు కొబ్బరి బొండాలు కొట్టించి ఇచ్చింది. కరపత్రం సంగతి ఇంకా తేలలేదు, ఆ పెద్దలు నాతో సరిగ్గా మాట్లాడటం లేదు.

దోమలు, మాత్రలు, కాగితాలు

ఇవి గబగబా రాసేస్తాను. ఉన్న కాళ్ళు చూసుకోవడంతో పాటు కొత్త కాళ్ళు పాడవకుండా చూడాలి. క్యూలెక్స్ దోమకి సెప్టిక్ ట్యాంకు మంచి పుట్టిల్లు. గాలిగొట్టం పైన నైలాను వల ముక్క కప్పి తాడుతో బిగిస్తే చాలు, దోమలు బయటికి రావు. రొయ్యల చెరువుల దగ్గర పాత వలలు ఊరికే దొరుకుతాయి గానీ కన్ను పెద్దది, దోమ దూరిపోతుంది. దోమతెర గుడ్డే కావాలి. నిచ్చెనేసుకుని గుడి వీధి మొత్తం కట్టాం. పై వీధి మిగిలింది.

రక్తపరీక్షకి రాత్రిపూట వచ్చారు. పురుగు పిల్లలు రాత్రిళ్ళే రక్తంలోకి వస్తాయి కాబట్టి ఎనిమిది దాటాకే తియ్యాలి. నిద్దరోతున్న పిల్లల్ని లేపుతుంటే తల్లులు తిట్టారు. అయ్యగారు ముందు తన వేలు పొడిపించుకున్నారు. పురుగుల్ని అదుపు చేసే డీఈసీ, ఆల్బెండజోల్ మాత్రలు ఇచ్చినప్పుడు చేతికిస్తే చూరులో దోపేస్తారు, కళ్ళముందే మింగించాలి. రెండేళ్ళలోపు పిల్లలకి, గర్భిణులకి, జబ్బుతో మంచం పట్టినవాళ్ళకి ఇవ్వకూడదు.

రెండు కాళ్ళకీ బోదకాలు నాలుగో దశలో ఉన్నవాళ్ళకి ఎన్టీఆర్ భరోసా కింద నెలకి 10,000 పింఛను ఉంది. అర్హత ఉండి కాగితాలు లేనివాళ్ళు మా జాబితాలోనే తేలారు. డాక్టరు ముందుకి తీసుకెళ్ళడం, గ్రామ సచివాలయంలో అర్జీ పెట్టడం మా సంఘంలో రిటైరైన మాస్టారుగారికి అప్పగించాం. ఆయనకి కాగితాలంటే ఇష్టం.

కోతపండుగ తర్వాత

కోతపండుగకి మొదటి వరికంకులు తెచ్చి గుళ్ళో పెట్టారు. వేలంపాటలో గుమ్మడికాయకి వచ్చిన డబ్బు మొత్తం సబ్బు పద్దులోకి వెళ్ళింది, ఎవరూ ఎదురు చెప్పలేదు.

ఇప్పుడు మిగిలింది మగాళ్ళ సంగతి. ఇన్నాళ్ళూ మా దగ్గరికొచ్చినవాళ్ళు దాదాపు అందరూ ఆడవాళ్ళే. ఫైలేరియా మగవాళ్ళకి కాళ్ళకే కాదు, వరిబీజంగానూ (వృషణాల్లో నీరు చేరే వాపు) వస్తుంది. లుంగీ కింద దాచుకుని, చెట్టెక్కడం మానేసి, పెళ్ళిళ్ళకెళ్ళడం మానేసి, ఇంట్లో ఎవరికీ చెప్పకుండా బతుకుతారు. విచిత్రమేంటంటే ముదిరిన కాలు పూర్వస్థితికి రాదు గానీ ఇది చిన్న ఆపరేషన్‌తో పోతుంది, ప్రభుత్వాసుపత్రిలో డబ్బు లేకుండా చేస్తారు. ఆడవాళ్ళు వెళ్ళి అడగలేరు. కాబట్టి ఇది నా వంతు, అయ్యగారి వంతు, మంచాలల్లే మావయ్య వంతు. మావయ్యకి అయిదేళ్ళ కిందట ఆ ఆపరేషనే అయిందని ఇప్పుడు బయటపెట్టాడు. నవారు అల్లుతూ, తల పైకెత్తకుండా చెప్పాడు. “నేను చెబుతాను పదండి, నా మాటైతే వింటారు” అన్నాడు.

నిన్న ఇద్దరం కలిసి ఒక బాబాయిని చూడ్డానికి తోటకెళ్ళాం. కొబ్బరికాయల దింపు కార్మికుడు. చాలాసేపు కొబ్బరికాయల ధర గురించే మాట్లాడాడు. ఆఖర్న మావయ్య చెవిలో ఏదో అడిగాడు, మావయ్య ఏదో చెప్పాడు.

“ఈ దింపు అయ్యాక వత్తానండి,” అన్నాడు బాబాయి.

“దింపు ఎప్పటికవుద్ది?”

“శుక్రవారానికి.”

శనివారం పొద్దున్న ఏడింటికి ఆటో చెప్పాను.